సున్నం లేని ఊరు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. కట్టుకున్న ఇంటిని చేతులారా కూల్చి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ ముచ్చట కూడా అనుభవించిన ఊరొకటి వుంది.

ఇటలీ దేశం పటంలో బూటుకాలులా వుంటుందని చిన్నప్పుడు మేష్టారు చెప్పగా విన్నాం కదా. ఆ బూటుకు మడమ వుండే వైపు సీమను పూల్యా అంటారు. ఆ సీమలో, సముద్రమట్టానికి 400 మీటర్లకు పైన, రాతినేల మీద వుంది ఆల్బెరోబెల్లో. జనాభా సుమారు 10,000. మన లెక్కకి పెద్ద పల్లెటూరు. కాని దీనిని చూడటానికి ప్రపంచం నలుమూలలనుంచీ జనం వస్తారు. రాజుల కోటలకోసం కాదు, దేవాలయాల గోపురాలకోసం కాదు. బీదసాదలు కాపురం వున్న ఇళ్ళకోసం!

మా అల్లుడి ఉద్యోగం ధర్మమా అని కిందటి అక్టోబరులో నేనూ మా ఆవిడా బారీ నగరంలో నెల రోజులు వున్నాం. ఒకనాడు పొద్దున్నే మా అమ్మాయి, “నాన్నా, రోజూ సముద్రం చూసి మీకు విసుగెత్తినట్టుంది. మన నాయనమ్మ ఇంటిలాంటి ఇళ్ళున్న ఊరు చూపిస్తాను, రండి” అని బయలుదేరదీసింది.

నాయనమ్మ అంటే మా నాన్నను కన్నతల్లి. మా అమ్మాయికి ముత్తవ్వ వరస. చిన్నప్పుడు నేను చెప్పిన కబుర్లు విని విని తనూ నాయనమ్మ అనే అంటుంది. ఆవిడ ఇల్లు భీమిలి దగ్గర సముద్రపుటొడ్డు పల్లెలో చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, దానిమీద నేలదాకా వంగిన తాటాకు కప్పు. గాలివాన వచ్చినప్పుడు, గాలి ఆ గుండ్రటి గోడను పట్టుకోలేక పక్కనుంచి జారిపోయేది. ఇటలీలో ఆ ఇల్లేమిటి, ఈ పిల్ల వేళాకోళం కాకపోతే, అనుకున్నాను.

పొలాల్లో పురులు

బారీనుంచి చిన్న రైలు. గంటన్నర ప్రయాణం. సముద్రం వెనకబడి, నేల మెల్లగా మెట్టకు ఎక్కుతుంది. ఎటు చూచినా ఎర్రమట్టి. ఆ మట్టిలో ముడతలు పడ్డ ముసలి ఆలివు చెట్లు. చెట్లకింద కాయ రాలితే పోకుండా పరచిన వలలు. పొలానికీ పొలానికీ మధ్య ముళ్ళకంచె లేదు, గట్టు లేదు. మొలలోతు రాతిగోడలు. ఆ రాళ్ళు ఎక్కడివని అడగనక్కరలేదు. జానెడు తవ్వితే చాలు, నేలనిండా సున్నపురాయే. రైతు ఆ రాళ్ళు ఏరితేగాని విత్తు పడదు. ఏరిన రాళ్ళను ఎక్కడో పారబొయ్యాలి. పారబొయ్యడం దేనికని గోడ పెట్టాడు. గోడ పెట్టగా మిగిలిన రాళ్ళతో ఇల్లు కట్టాడు.

అంతలో మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి చూపి, “ఏమండీ! ఆ పొలంలో ధాన్యం పురులు కట్టారు చూడండి!” అంది.

ఆవిడ గోదావరి మనిషి. గుండ్రంగా, కొస తేలి కనిపించిందల్లా ఆవిడకు పురే. నిజమే, అచ్చం పురిలాగే వుంది. కాని గడ్డితాడు కాదు, రాయి. కింద తెల్లటి గోడ, పైన బూడిదరంగు శంఖాకారపు కప్పు, దాని కొసన తెల్లటి గుండు. పక్కనే మరొకటి. ఆ పక్కన మూడు కలిసినవి. వాటి ముందు ఆరేసిన బట్టలు.

“పురి కాదమ్మా, అదే ఇల్లు. దీన్ని త్రుల్లో అంటారు. ఎన్నో వుంటే త్రుల్లీ” అంది మా అమ్మాయి.

నాకు మాట రాలేదు. తాటాకు మాట అటుంచితే, అది మా నాయనమ్మ ఇల్లే.

వెయ్యి బొంగరాలు

స్టేషనునుంచి ఊరి మధ్య చావడికి పది నిమిషాల నడక. ఈ దారిలో కనిపించేవి మామూలు ఇళ్ళే. చావడి దాటి, సెయింట్ లూచియా గుడి పక్కనున్న అరుగులాంటి మిట్ట మీదికి వెళ్ళి నిలబడ్డాం. ఎదుట చిన్న పల్లం. పల్లానికి ఆవల గుట్ట. గుట్ట నిండా, కింది అంచునుంచి నెత్తిదాకా, ఎవరో బొంగరాలను తలకిందులు చేసి ఒకదాన్నొకటి ఒరుసుకునేటట్టు పేర్చినట్టున్నాయి ఇళ్ళు. అది మోంతి పేట. ఆ ఒక్క పేటలోనే 1,030 త్రుల్లీ వున్నాయి. ఎడమచేతి వైపు, చెట్ల చాటున, ఆయా పిక్కొలా అనే మరో పేట. అందులో 590.

ఈ లెక్క విని అన్ని ఇళ్ళనుకోకండి. ఒక్కొక్క గదికీ ఒక్కొక్క కప్పు. నాలుగు గదుల ఇల్లు కావాలంటే నాలుగు బొంగరాలు పక్కపక్కన నిలబెట్టాలి. కొడుక్కి పెళ్ళయితే మనవాళ్ళు పైన మేడ వేస్తారు. ఇక్కడ ఆ ఆశ లేదు. శంఖం మీద శంఖం నిలవదు కదా. అంచేత పక్కన మరో గది, మరో శంఖం. ఇల్లు పైకి కాక పక్కలకు పిల్లలు పెడుతుందన్నమాట. అంతస్తు మీద అంతస్తు వున్న త్రుల్లో ఈ ఊళ్ళో ఒక్కటే వుంది. 18వ శతాబ్దంలో పెర్తా అనే కలవారి కుటుంబం కట్టుకున్నది. దాని పేరు త్రుల్లో సొవ్రానో. త్రుల్లీలలో మారాజని అర్థం చెప్పుకోవచ్చు.

పల్లంలోకి దిగాం. ఒకప్పుడు అక్కడ వాగు పారేదట. ఇప్పుడు వెడల్పాటి వీధి. వీధి దాటగానే గుట్ట ఎక్కే సందులు మొదలవుతాయి. బళ్ళు రావు. కాలినడకనే పోవాలి. కాళ్ళకింద రాతిపలకలు నడిచి నడిచి నున్నబడి అద్దాల్లా వున్నాయి. మా ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని, “మన తిరపతి మెట్లే నయం” అంటూ ఎక్కింది.

రాయి మీద రాయి

ఒక పాత గోడ దగ్గర ఆగి పరకాయించి చూశాను. రాయికీ రాయికీ మధ్య వేలు పెట్టి చూశాను. సున్నం లేదు, మట్టి లేదు, ఏమీ లేదు. ఉత్త రాయి. ఒకదాని బరువు మీద మరొకటి నిలబడి వుంది.

ఈ కట్టుబడి ఎలాంటిదో కొంచెం చెబుతాను. ముందు లోపలి గోడా బయటి గోడా అని రెండు వరసలు లేపుతారు. నడుమ చిన్న రాళ్ళూ చిప్పలూ పోసి దిమ్మిస్తారు. అంచేత గోడ మందం మనిషి చేతులు చాచినంత వుంటుందంటే అతిశయోక్తి కాదు. గది చాలావరకు చదరంగానే వుంటుంది. మనిషి ఎత్తు దాటాక నాలుగు మూలలా అడ్డరాళ్ళు వేసి, చదరాన్ని మెల్లగా గుండ్రం చేస్తారు. అక్కడనుంచి కప్పు మొదలు. ఒక వరస రాళ్ళు గుండ్రంగా పేర్చి, దానిమీది వరస వేలెడంత లోపలికి జరిపి, దానిమీది వరస ఇంకా లోపలికి జరిపి పేర్చుకుపోతారు. ఒక్కొక్క వలయం పూర్తి కాగానే రాళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుని బిగిసిపోతాయి. అంచేత కింద కర్రల ఆధారం అవసరం లేదు. వలయాలు చిన్నవవుతూ, చిన్నవవుతూ, చివరకు ఒక్క కన్నం మిగులుతుంది. దాన్ని ఒక్క రాయితో మూస్తారు. కథ అంతా ఆ రాళ్ళలోనే వుంది, జ్ఞాపకం వుంచుకోండి.

ఈ లోపలి కప్పుమీద, వాన దిగకుండా పలచటి సున్నపురాతి పలకలు కొద్దిగా బయటికి వాలేటట్టు పరుస్తారు. మన పల్లెల్లో పెంకులు నేసినట్టే. వాటిని అక్కడివారు కియాంకరెల్లె అంటారు. అన్నిటికన్నా పైన తెల్లటి శిఖరం: గుండో, నక్షత్రమో, పళ్ళెమో. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్కటి. మన రథాలకు కలశం వుండనిదే శోభ లేనట్టు వాళ్ళకు ఈ శిఖరం లేనిదే ఇంటికి నిండుదనం లేదు. కొన్ని కప్పులమీద సున్నంతో శిలువ, సూర్యుడు, బాణం దిగిన గుండె వంటి గుర్తులు వేసి వున్నాయి. వాకిట్లో ముగ్గు వేసుకునే జాతివాళ్ళం మనం. వీళ్ళు ఇంటినెత్తిన వేసుకున్నారు, అంతే తేడా.

మరి నీళ్ళమాటో? ఈ రాతినేల జల్లెడ వంటిది. పడ్డ వాన పడ్డట్టే కిందికి ఇంకిపోతుంది. పైన ఏరు లేదు, చెరువు లేదు. అంచేత ప్రతి కప్పు అంచునా రాతి కాలవ. కప్పుమీద పడ్డ చినుకు ఆ కాలవలోకి, కాలవలోంచి నేలకింద తొలిచిన తొట్టిలోకి. ఇంటికప్పే ఆ ఇంటి చెరువు.

మెల్లకన్ను దొర

ఇంత తెలివిగా కట్టినవాళ్ళకు సున్నం కలపడం తెలియదా? ఊరంతా సున్నపురాయే కదా, కాల్చుకుంటే సున్నానికేం కరువు? నాకు కలిగిన సందేహం మీకూ కలిగే వుంటుంది. దాని జవాబు రాతిలో లేదు, శిస్తులో వుంది.

పదిహేనో శతాబ్దంలో ఈ ప్రాంతమంతా ఓక్ చెట్ల అడవి. కొన్వెర్సానోలో వుండే అక్వావీవా ప్రభువుల జాగీరు. పక్క ఊళ్ళనుంచి వచ్చిన రైతులు అడవి నరికి పొలాలు చేసుకుంటూ, రాళ్ళు పేర్చి ఇళ్ళు కట్టుకున్నారు. పదహారో శతాబ్దం నడిమికి మోంతి గుట్టమీద నలభై దాకా త్రుల్లీ లేచాయి. 1620 ప్రాంతాన జాంజిరోలమో అనే ప్రభువు వచ్చాడు. చూపు మెల్ల. అంచేత ‘పూల్యా మెల్లకన్ను దొర’ అని అతనికి పేరుపడింది. మెల్లకన్నయినా ఆదాయం ఎక్కడుందో దానికి తిన్నగానే కనిపించేది. ఊళ్ళో పిండిమర పెట్టించాడు, రొట్టెలపొయ్యి పెట్టించాడు, సత్రం కట్టించాడు. జనం పెరిగారు. అడవి పొలమయింది. పంటలో వాటా దొరకు చేరుతోంది.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆ రోజుల్లో నేపుల్స్ రాజ్యం స్పెయిన్ రాజుల ఏలుబడిలో వుండేది. జాగీర్దారు ఎవడైనా కొత్త ఊరు కట్టించదలిస్తే రాజుగారి అనుమతి పొందాలి, ఖజానాకు పన్ను కట్టాలి. దొరగారికి ఊరు కావాలి, పన్ను మాత్రం వద్దు. అంచేత ఒక ఉత్తరువు చేశాడు: ఎవరైనా ఇల్లు కట్టుకోవచ్చు, సున్నం వాడరాదు.

ఎందుకంటే సున్నం వేస్తే అది ఇల్లు. వెయ్యకపోతే అది రాళ్ళకుప్ప. రాజుగారి తనిఖీదారు వస్తున్నాడని కబురు రాగానే రాళ్ళు లాగేసి కప్పు కూల్చెయ్యవచ్చు. తనిఖీదారు గుర్రం దిగి చూసేసరికి అక్కడ ఊరు లేదు. ఊరే లేకపోతే పన్ను ఎక్కడిది? అతడు వచ్చిన దారినే పోగానే జనం మళ్ళీ రాళ్ళు ఎత్తుకోవడం. అలా ఒకసారి ఊరు ఊరంతా రాత్రికి రాత్రి మాయమయిందని ఆల్బెరోబెల్లోలో కథగా చెప్పుకుంటారు.

కథలో కొంత కల్పన వుండవచ్చు. సున్నం లేని కట్టుబడి ఈ దొర పుట్టించినది కాదు. రాయి పుష్కలంగా వున్న ఆ మెట్టసీమలో రైతులకు తరతరాలుగా తెలిసిన విద్యే. కాని చుట్టుపక్కల ఊళ్ళన్నీ సున్నంతో మేడలు కట్టుకుంటూ వుంటే, ఈ ఒక్క ఊరు పొలంలోని పాకల్లాంటి ఇళ్ళతోనే పట్నమంత కావడానికి కారణం మాత్రం ఆ పన్నే.

మా అమ్మాయి ఈ కథ చెబుతూ వుంటే పక్కన విన్న యాత్రికులు కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. “పొయ్యిమీద ఎసరు పెట్టుకున్న ఆడది ఆ రాత్రి పిల్లల్ని ఎక్కడ పడుకోబెట్టిందో!” అంది.

నవ్వు ఆగిపోయింది. అవును, దొర ఎత్తు బాగానే వుంది. తనిఖీదారు మోసపోయాడు, బాగానే వుంది. కాని లాభం దొరది, కూలిన కప్పు రైతుది. కూల్చడం ఒక రాత్రి పని. మళ్ళీ కట్టడం? అంతకన్నా పెద్ద మాట, కాగితం మీద లేని ఊళ్ళో కాపురం వున్నవాడికి హక్కేమిటి? పంచాయతీ లేదు, మునసబు లేడు, మొరపెట్టుకోవడానికి రాజు లేడు. దొర వుండమన్నన్నాళ్ళు వుండాలి, పొమ్మంటే పోవాలి.

అంగళ్ళ వీధి, కళ్ళం వీధి

మోంతి పేటలో వీధుల పేర్లు చదువుకుంటూ పోతే మోంతె నేరో, మోంతె పసూబియో, మోంతె సాన్ మికేలె అన్నీ కొండల పేర్లే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ సైనికులు నెత్తురు ధారపోసిన కొండలు అవి. ఆ కొండల పేర్లు పెట్టుకున్న సందుల్లో ఇప్పుడు చేతిరుమాళ్ళూ, సారాబుడ్లూ, అరచేతిలో ఇమిడే బొమ్మ త్రుల్లీలూ అమ్ముతున్నారు. మా మిద్దెమీదికి ఎక్కి ఊరంతా చూడండి, డబ్బులక్కరలేదు అని అంగడివాళ్ళు పిలుస్తారు. ఎక్కేటప్పుడు అక్కరలేదు, దిగేటప్పుడు వాళ్ళ సరుకు మధ్యనుంచే దిగాలి.

మోంతె నేరో వీధిలో జంట త్రుల్లో ఒకటి వుంది. రెండు శిఖరాలు ఒకే మొదట్లోంచి లేచినట్టుంటాయి. అన్నదమ్ములిద్దరు ఒకే పిల్లను ప్రేమించారనీ, అన్నకు నిశ్చయమైన పిల్ల తమ్ముణ్ణి వలచిందనీ, కొంప రెండయిందనీ, తమ్ముడు వెనకవీధిలోకి వేరే తలుపు పెట్టుకున్నాడనీ కథ. తలుపులు నిజంగానే రెండు వీధుల్లోకి వున్నాయి. మన ఊళ్ళలో వాటాలకు నడిమిగోడ లేస్తుంది. అక్కడా అంతే!

గుట్ట నెత్తిన సెయింట్ ఆంటొనీ గుడి. 1927లో కట్టినది. గుడి కప్పుకూడా త్రుల్లో వాటంగానే వుంటుంది. దేవుడికి కూడా ఊరివాళ్ళ ఇల్లే ఇచ్చారు. లోపల కొంతసేపు చల్లగా కూర్చుని, దిగి వచ్చి, పల్లంలో ఒక పూటకూళ్ళ ఇంట్లో భోజనం చేశాం. మెత్తగా ఉడికించి మెదిపిన చిక్కుడుగింజల పప్పు, దానిమీద ఆలివు నూనె, పక్కన చేదు ఆకుకూర. మా ఆవిడ రెండు ముద్దలు తిని, “ముద్దపప్పే కదండీ! ఆవకాయ ఒక్కటీ వుంటేనా!” అని నిట్టూర్చింది.

మధ్యాహ్నం ఆయా పిక్కొలా పేటకు వెళ్ళాం. ఆ పేరుకు అర్థం చిన్న కళ్ళం అని. ధాన్యం నూర్చిన చోటు. అక్కడ అంగళ్ళ సందడి లేదు. గుమ్మాల్లో పూలకుండీలు, నిద్రపోతున్న పిల్లి, రేడియోలో సన్నగా పాట. ఒక గుమ్మంలో కుర్చీ వేసుకుని ముసలమ్మ ఒకామె లేసు అల్లుకుంటోంది. మా ఆవిడ చీర చూచి ఆమె ముఖం వికసించింది. ఆమెకు మా భాష రాదు, మా ఆవిడకు ఆమె భాష రాదు. కాని లేసు కుట్టు చేతిలోకి తీసుకుని మా ఆవిడ తిరగేసి చూడటంతో స్నేహం కుదిరింది. మా అమ్మాయి దుబాసీగా, మేం లోపలికి వెళ్ళాం.

బయట ఎండ చురుక్కుమంటోంది. లోపల చల్లగా వుంది, కుండలో నీళ్ళలాగ. ఒక్కటే పెద్ద గది. గోడల మందంలోనే తొలిచినట్టు చిన్న చిన్న అరలు: ఒకదానిలో పొయ్యి, ఒకదానిలో తెర వెనక మంచం, ఒకదానిలో మేరీమాత పటం. తలెత్తి చూస్తే చెక్కపలకల అటక, దానికొక నిచ్చెన. అటకమీద ఒకప్పుడు గింజలు దాచుకునేవారట. అటకకు పైన చీకట్లోకి వలయాలు వలయాలుగా పోతున్న రాళ్ళు.

ఆమె అదే ఇంట్లో పుట్టిందట. పిల్లలు ఉద్యోగాలకోసం ఉత్తరాది పట్నాలకు పోయారు. ఇరుగుపొరుగు ఇళ్ళు చాలా యాత్రికుల బసలైపోయాయి. రాత్రికొక కొత్త ముఖం. “ఒకప్పుడు అధికారి వస్తున్నాడంటే ఇల్లు కూల్చాలి. ఇప్పుడు గోడకు మేకు కొట్టాలన్నా అధికారిని అడగాలి” అని నవ్వింది.

ఆమె నవ్వుతూ అన్నా అందులో నిజం వుంది. 1996లో యునెస్కో వారు ఈ ఊరి త్రుల్లీలను ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు. 2018లో, సున్నం లేకుండా రాయి పేర్చే విద్యను కూడా, ఇటలీతో సహా ఎనిమిది యూరపు దేశాల ఉమ్మడి సంపదగా గుర్తించారు. ఏ ఇల్లు పట్టున కూలిపోవాలని కట్టించారో ఆ ఇల్లు ఎన్నటికీ కూలిపోరాదని నేటి శాసనం. రాయి మారలేదు; రాయిమీద కన్ను మారింది. అయితే ఇళ్ళు నిలిచినంత గట్టిగా ఇంటివాళ్ళు నిలుస్తారా అన్నదే ఆ గుమ్మంలోంచి బయటికి వస్తూ నన్ను పట్టుకున్న ఆలోచన.

ప్రేమవారి ఇల్లు

రైలుకు ఇంకా గంట వుంది. తిరిగి ఊరి చావడికి వచ్చాం. మా అమ్మాయి మమ్మల్ని ఒక ఇంటిముందు నిలబెట్టింది. పొద్దున దాని ముందునుంచే నడిచి వెళ్ళాం, తలతిప్పి చూడలేదు. చూడటానికేముంది? బోర్లించిన బొంగరం కాదు. ఒక అంతస్తు మీద మరొక అంతస్తు వున్న మామూలు మేడ.

“ఇది కాసా దమోరె. అమోరె అంటే ప్రేమ, నాన్నా. అది వాళ్ళ ఇంటిపేరు” అంది.

“ప్రేమవారన్నమాట. ఇంతకీ ఇందులో ఏముందే?”

“సున్నం వుంది.”

అప్పుడు చెప్పింది మిగతా కథ.

మెల్లకన్ను దొర పోయాడు. అతని తరవాత తరాలు గడిచాయి. పద్దెనిమిదో శతాబ్దం చివరికి ఊరి జనం 3,500 దాటారు. అయినా అది ఊరు కాదు. ఇంకా దొరవారి అడవే. 1797లో నేపుల్స్ రాజు నాలుగో ఫెర్దినాందు, యువరాజు పెళ్ళి సందర్భంగా పూల్యా సీమకు వచ్చాడు. రాజు తారంతోలో వున్నాడని తెలిసింది. దొరకు తెలియకుండా ఏడుగురు మనుషులు ఊరు తరఫున అక్కడికి వెళ్ళారు. మేమున్నాం, మాకొక ఊరుంది, దాన్ని ఊరని ఒప్పుకోండి అని విన్నవించుకున్నారు. ఎంత చిన్న కోరిక! ఎంత పెద్ద సాహసం! దొర చెవిన పడితే ఏమయ్యేదో ఆ ఏడుగురికీ తెలుసు.

1797 మే 27న రాజు ఫర్మానా ఇచ్చాడు. ఆల్బెరోబెల్లో ఇకమీదట రాజుగారి ఊరు, దొరవారి సొత్తు కాదు. ఇదే రాజు రెండేళ్ళ తరవాత నేపుల్స్‌లో తనమీద తిరగబడిన ప్రజాస్వామ్యవాదులను ఉరితీయించాడు. చరిత్రలో ఎవరి చేతిమీదుగా ఎవరికి మేలు జరుగుతుందో చెప్పలేం. ఆ ఫర్మానా తేదీ పేరిట ఊళ్ళో ఒక చావడి వుంది. రాజు పేరిట మేం నిలబడ్డ ఈ చోటు వుంది.

స్వేచ్ఛ వచ్చాక ఏం చేశారు? జెండా ఎత్తలేదు, విగ్రహం నిలపలేదు. ఫ్రాంచెస్కో దమోరె అనే ఆయన సున్నం కలిపి ఇల్లు కట్టాడు. అదే ఈ ఇల్లు. గోడమీద ఒక రాతిపలక వుంది. రాజుగారి అనుమతితో కట్టిన మొదటి ఇల్లు ఇది, 1797 అని లాటిన్ భాషలో చెక్కి వుంది. ఆ పలక చెక్కించినవాడి గుండె ఎంత ఉప్పొంగి వుంటుందో అనుకున్నాను. ఇక ఈ ఇంటి కప్పు రాత్రికి రాత్రి రాళ్ళు లాగేసి కూల్చేది కాదు. ఏ అధికారి వచ్చినా, ఇదిగో మా ఇల్లు అని గుమ్మంలో నిలబడి చెప్పవచ్చు.

నేను ఆ పలకముందు చాలాసేపు నిలబడిపోయాను. మా ఆవిడ, “ఏమండీ, ఒంట్లో బాగాలేదా?” అని అడిగింది.

మా నాయనమ్మ చుట్టిల్లు వున్న జాగా పోరంబోకు. చుట్టూ మరో పాతిక ఇళ్ళూ అంతే. పక్కా గోడ పెట్టుకోమ్మా, మట్టి ఎన్నాళ్ళని మెత్తుతావు అని మా నాన్న అనేవాడు. “పట్టా రానీరా. ఎవళ్ళో వచ్చి లెగమంటే మట్టిగోడకి నా ఒళ్ళలుపే పోతాది. ఇటిక గోడైతే ప్రాణం పోతాది” అనేది ఆవిడ. ఏటేటా సంక్రాంతికి ఆ మట్టిగోడ అలికి, జాజు పూసి, సున్నపు చుక్కలు పెట్టుకునేది. గోడ మీద చుక్కలకు తప్ప ఆ ఇంట్లో సున్నం ఎరుగం. డెబ్బయ్యో దశకంలో పట్టా కాగితం చేతికి వచ్చింది. ఆవిడకు చదువు రాదు. కాగితాన్ని కళ్ళకద్దుకుని బియ్యపు కుండలో దాచింది. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి బుట్టెడు సున్నం కొనుక్కు వచ్చింది. దాంతో మేడ కట్టలేదు, మిద్దె కట్టలేదు. గుమ్మానికి ఒక పక్కన ఇటుకల అరుగు వేయించింది, ఇద్దరు కూర్చునేంత. సాయంత్రమయ్యేసరికి దానిమీద కాళ్ళు చాపుకుని కూర్చుని, దారినపోయే వాళ్ళనందరినీ పిలిచి కూర్చోబెట్టేది. ఆ రోజుల్లో నాకది ఒట్టి అరుగే. అది మా నాయనమ్మ చెక్కించుకున్న రాతిపలక అని ఆల్బెరోబెల్లోలో తెలిసింది.

యాత్రికులు ఈ ఊరికి వచ్చి వెయ్యి శిఖరాల ఫొటోలు తీసుకుంటారు. తీసుకోవలసిందే, అలాంటి వింత మరెక్కడా లేదు. కాని ఎవరైనా మన తెలుగువారు అటు వెళ్ళడం తటస్థిస్తే, తిరుగు రైలుకు ముందు ఆ మామూలు మేడముందు కూడా ఒక్క నిమిషం ఆగండి. త్రుల్లీలను చూస్తే ఆ ఊరివాళ్ళ తెలివి తెలుస్తుంది. వాళ్ళు ఏం కోరుకున్నారో ఆ మేడ గోడలోని చారెడు సున్నం చెబుతుంది.

రైలు కదిలింది. ఆలివు తోటలమీద పొద్దు వాలుతోంది. రాతి శిఖరాల నీడలు ఎర్రమట్టి పొలాల్లో బారుగా సాగాయి. మా ఆవిడ సంచిలోంచి ఒక చిన్న పొట్లం తీసి చూపించింది. విప్పితే లేసు ముక్క. ఎప్పుడు ఇచ్చిందో ఆ ముసలమ్మ ఇచ్చింది.

“ఊరికే తీసుకున్నావా?” అన్నాను.

“ఊరికే ఎందుకు తీసుకుంటాను? నా కుంకం భరిణ ఇచ్చాను” అంది మా ఆవిడ.